మగవాళ్ల సాక్స్: పొడవు, మందం కుదిరాకే రంగు సంగతి

నిలబడి అద్దంలో చూసుకుంటే ఏ సాక్సయినా బాగానే కనిపిస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. ప్యాంటు అంచు నాలుగైదు అంగుళాలు పైకి లేస్తుంది. ఆ సందులో నున్నగా పరుచుకున్న అల్లిక కనిపిస్తే సరే. పిక్క మీది వెంట్రుకలో, చీలమండ దగ్గర ముడతలు పడి పోగైన గుడ్డో కనిపిస్తే ఎంత మంచి సూటయినా తేలిపోతుంది. చాలామంది రంగుతో మొదలుపెట్టి పొరపాటు పడేది ఇక్కడే. అందుకని దొరికే రకాలను ముందు పొడవు, మందం, నూలు బట్టి తూచి, రంగును తర్వాతకు ఉంచాం.

సూటుకూ, మడత నలగని ఫార్మల్ ప్యాంటుకూ మోకాలి కిందిదాకా వచ్చే పొడవు సాక్స్‌కే మా ఓటు. అది పిక్క లావుగా ఉన్న చోటును దాటి, మోకాలి కింద మళ్లీ సన్నబడే దగ్గర నిలుస్తుంది. కిందికి జారాలంటే ఆ లావును దాటాలి కాబట్టి రోజంతా కదలదు. సగం పిక్క దాకా వచ్చే మామూలు సాక్స్‌కు ఆ వీలు లేదు. దాని ఎలాస్టిక్ సరిగ్గా వాలు మీద కూర్చుంటుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి వదులవుతూ దాన్ని కొంచెం కొంచెంగా కిందికి నెడుతుంది. జారకూడదని ఎలాస్టిక్ మరీ బిగువుగా పెట్టిన రకాలు సాయంత్రానికి కాలి చుట్టూ ఎర్రటి గాడి మిగులుస్తాయి. పొడవు సాక్స్‌లోనూ లోపం లేకపోలేదు. వేడి ఎక్కువ. పిక్కలు బాగా లావుగా ఉన్నవాళ్లకు పై అంచు చుట్టుకుపోతుంది. వాళ్లు పట్టీ కనీసం రెండు అంగుళాల వెడల్పున్న రకం చూసుకోవాలి.

జీన్స్‌కూ, చినోస్ అనే మామూలు కాటన్ ప్యాంట్లకూ సగం పిక్క సాక్స్ చాలు. అల్లికలో నిలువు గీతలు, అంటే రిబ్ ఉన్నది తీసుకుంటే సాదా అల్లిక కంటే కాలిని బాగా పట్టుకుంటుంది. చీలమండను కప్పే ఎత్తు బూట్ల విషయంలో ఒక్కటే కొలత: బూటు పై అంచు కంటే సాక్స్ ఒకటి రెండు అంగుళాలు పైకి రావాలి. లేకపోతే తోలు అంచు నేరుగా చర్మాన్ని ఒరుస్తుంది. స్నీకర్లు, షార్ట్స్ వేసుకుంటే చీలమండ దాకా వచ్చేవి సరిపోతాయి.

లేసుల్లేని లోఫర్ షూలలో వేసుకునే, బయటికి కనిపించని సాక్స్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందిని విసిగించేది ఇదే. పది అడుగులు వేసేసరికి మడమ నుంచి జారి పాదం కింద ఉండలా చేరుతుంది. దీనికి కారణాలు మూడు. మొదటిది సైజు: ఆరేడు షూ సైజులకు కలిపి ఒకే సాక్స్ అమ్ముతారు, చిన్న పాదానికి అది వదులు. రెండోది మడమ: లోపలిది బయటికి తిప్పి చూస్తే మడమకిరువైపులా ఏటవాలు గీతలా అల్లిక మలుపు కనిపించాలి. అలాంటప్పుడే మడమ కూర్చునే నిజమైన గిన్నె ఉన్నట్టు. ఆ గీత లేకుండా గొట్టంలా అల్లి, వేడితో వంపు తిప్పిన రకం రెండు ఉతుకులకే గొట్టంగా మారిపోతుంది. మూడోది సిలికాన్ పట్టీ: ఒక్క చుక్కలా అంటించింది పనికిరాదు, మడమ వెనక వెడల్పుగా, వంపు తిరిగి ఉండాలి. అది కూడా పొడి చర్మం మీదే పట్టు నిలుపుతుంది. కాలికి క్రీమో పౌడరో రాసుకుని వెంటనే తొడిగితే ఎంత మంచి పట్టీ అయినా జారుతుంది. ముందువైపు కోత ఎంత లోతుగా ఉందో కూడా లోఫర్ పక్కన పెట్టి చూడాలి. షూ నోరు కంటే సాక్స్ అంచు అర అంగుళం లోపలే ఉండాలి.

ఇక మందం. సాక్స్ అల్లే గుండ్రటి మిషన్‌లో సూదులు ఎన్ని ఎక్కువ ఉంటే అల్లిక అంత సన్నం. 200 సూదులంటే ఆక్స్‌ఫర్డ్ లాంటి బిగువైన తోలు బూట్లకు తగిన పల్చదనం. 168 కూడా ఫార్మల్‌కు పనికొస్తుంది. 144 రోజువారీ రకం. 96, 108 లాంటివి మందపాటి ఆటల సాక్స్‌కూ, ట్రెక్కింగ్ బూట్లకూ. ప్యాకెట్ మీద ఈ అంకె లేకపోతే సాక్స్‌లో చెయ్యి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మడమ, వేళ్ల దగ్గర గుడ్డ మిగతా చోట్ల కంటే చిక్కగా కనిపించాలి. అంతటా ఒకేలా చెయ్యి కనబడితే ఆ రెండు చోట్లా అదనపు దారం వెయ్యలేదని అర్థం, చిరగడం అక్కడే మొదలవుతుంది. బిగువు బూట్లలో మందపాటి సాక్స్ వేస్తే లేసుల కింది రెండు రెక్కలూ దూరంగా ఉండిపోతాయి, చిటికెన వేలు నలుగుతుంది. పెద్ద బూట్లలో పల్చటిది వేస్తే పాదం లోపల ముందుకూ వెనక్కీ ఆడి మడమకు బొబ్బ లేస్తుంది. కొత్త షూ కొనడానికి వెళ్లేటప్పుడు, అందులో వేసుకోబోయే సాక్సే తొడుక్కుని వెళ్లాలి.

వేళ్ల మీది కుట్టును తప్పకుండా వేలితో తడిమి చూడండి. మామూలు కుట్టు లోపలివైపు తాడులా ఎత్తుగా తగులుతుంది. మొన తేలిన బూట్లలో అదే వేళ్ల మీద నొక్కుకుని రోజంతా గుచ్చుతుంది. ఒక్కో ఉచ్చును ఎదుటి ఉచ్చుతో కలిపి మూసిన రకంలో గోరుతో గీకినా గట్టు తగలదు. కాస్త ఎక్కువ పెట్టాల్సి వచ్చినా ఫార్మల్ సాక్స్‌లో మేం వదులుకోని గుణం ఇది.

నూలు విషయంలో ‘నూటికి నూరు శాతం కాటన్’ అన్న మాటకు పడిపోవద్దు. కాటన్ చెమటను పీలుస్తుంది, కానీ తొందరగా వదలదు. తడిసి సాగి, మళ్లీ బిగుసుకోదు. మధ్యాహ్నానికి మడమ దగ్గర సంచిలా వేలాడుతుంది. 75–80 శాతం కాటన్, 15–20 శాతం నైలాన్, 2–5 శాతం స్పాండెక్స్ ఉన్న మిశ్రమమే నిలుస్తుంది. నైలాన్ ఒరుపుకు తట్టుకుంటుంది, స్పాండెక్స్ సాగి వెనక్కి వస్తుంది. మెర్సరైజ్డ్ కాటన్ అంటే నూలును బిగువుగా పట్టి కాస్టిక్ సోడాలో శుద్ధి చేసింది. దానికి మెరుపొస్తుంది, రంగు లోతుగా పడుతుంది. సూటుకు అదే బాగుంటుంది. మెరినో ఉన్ని చలికాలానికే అనుకోవడం పొరపాటు. పల్చగా అల్లిన మెరినో తేమను పీల్చుకున్నా కాలికి తడి తెలియనివ్వదు, వాసన కూడా తక్కువ. అయితే ఒరుపుకు బలహీనం, కనీసం 20 శాతం నైలాన్ కలిసి ఉండాలి. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, వాసన మాత్రం పట్టేస్తుంది. వెదురు నారతో చేశామని అమ్మేది చాలావరకు విస్కోసే, అంటే గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన దారమే. చేతికి పట్టులా తగులుతుంది కానీ తడిస్తే బలం తగ్గుతుంది, అందుకే చెమట పట్టే పాదాలకు మేం చెప్పం.

ఇప్పుడు రంగు. సాక్స్ బూట్లతో కాదు, ప్యాంటుతో కలవాలి. అప్పుడే నడుము నుంచి బూటు దాకా కాలు ఒకే గీతలా పొడుగ్గా కనిపిస్తుంది. నేవీ బ్లూ ప్యాంటు కింద బూట్లు నల్లవైనా బ్రౌనయినా సాక్స్ నేవీయే, వీలైతే ఒక ఛాయ ముదురు. బూడిద రంగు ప్యాంటుకు ముదురు బూడిద. ఖాకీ చినోస్, బ్రౌన్ బూట్లకు ఆలివ్ గానీ మెరూన్ గానీ బాగా నప్పుతుంది. అక్కడ నలుపు వేస్తే కాలు మధ్యలో తెగినట్టు ఉంటుంది. నేవీ, నలుపు ట్యూబ్‌లైటు కింద ఒక్కలాగే ఉంటాయి, కాబట్టి కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి. తెలుపు ఆటల షూకే పరిమితం. డిజైన్ కావాలంటే సాక్స్ వెనకపరుపు రంగు ప్యాంటుదై, చుక్కలోనో గీతలోనో ఉన్న రంగు చొక్కా నుంచో టై నుంచో రావాలి. ప్యాంటే గళ్లదైతే సాక్స్ సాదాగా ఉండనివ్వండి.

ఉతికేటప్పుడు లోపలిది బయటికి తిప్పి, 30–40 డిగ్రీలకు మించని నీళ్లలో వెయ్యాలి. క్లోరిన్ బ్లీచ్, డ్రయ్యర్ వేడి స్పాండెక్స్‌ను చంపేస్తాయి. ఒకదాని నోట్లో ఇంకోటి దూర్చి ఉండ చుడితే పైదాని ఎలాస్టిక్ సాగిపోతుంది. జతను పరిచి సగానికి మడిచి పెట్టండి.

పాతది పారేసే ముందు చిరుగు ఎక్కడ పడిందో చూడండి, తర్వాత ఏం కొనాలో అదే చెబుతుంది. బొటనవేలి చివర చిరిగితే గోరు పెరిగి ఉండాలి, లేదా సాక్స్ పొట్టి. మడమ వెనక అరిగితే షూ వదులు, లేదా దాని లోపలి అస్తరు గరుకెక్కింది. అరికాలి ముందు భాగం జల్లెడ అయితే నైలాన్ చాలలేదు. గుడ్డంతా బాగుండి పై పట్టీ ఒక్కటే వదులైతే తప్పు చాలావరకు సాక్స్‌ది కాదు, ఉతికి, ఆరబెట్టి, మడిచిన తీరుది.