ఉప్పు లెక్క: 24 గంటల మూత్రమా, ఒక్క శాంపిలా?

ఎంత ఉప్పు తింటున్నారని అడిగితే చాలామంది కూరలో వేసిందే చెబుతారు. ఆవకాయ, అప్పడం, మిక్చర్ గుర్తుకు రావు. మూత్రం దగ్గర ఈ దాపరికం కుదరదు. ఉప్పులో ఉండేది సోడియమే; తిన్న సోడియంలో సుమారు 90 శాతం అందులోంచే బయటికి పోతుంది.

24 గంటల పద్ధతిలో పొద్దున లేవగానే వచ్చే మూత్రాన్ని వదిలేసి, టైమ్ రాసుకోవాలి. అక్కణ్ణుంచి మర్నాడు అదే టైముకి వచ్చేదాకా అంతా క్యాన్‌లో పట్టాలి. ఆఫీసుకి ఆ క్యాన్ మోసుకెళ్లడం ఎవరికిష్టం? ఒక్కసారి మర్చిపోయినా లెక్క తగ్గిపోతుంది. అందుకే క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే వ్యర్థం) కూడా చూసి, పూర్తిగా పట్టారా లేదా అని అంచనా వేస్తారు. ఫలితం మాత్రం సూటిగా ఉంటుంది: 100 మిల్లీమోల్ (ల్యాబ్‌లో వాడే కొలత) సోడియం వచ్చిందంటే కనీసం 5.8 గ్రాముల ఉప్పు తిన్నట్టు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాములు. ఉప్పుకీ రక్తపోటుకీ సంబంధం చూసిన, 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 52 కేంద్రాల్లో ఈ పద్ధతే వాడింది.

స్పాట్ శాంపిల్‌కి, అంటే ఒక్కసారి పట్టిన మూత్రానికి, చిన్న డబ్బా చాలు. కానీ అది గాఢతే చెబుతుంది, నీళ్లు బాగా తాగితే పలచబడుతుంది. దాంతో క్రియాటినిన్, వయసు, ఎత్తు, బరువు కలిపి కవాసాకి, తనాకా లాంటి ఫార్ములాలతో రోజు మొత్తానికి లెక్కగడతారు. చిక్కంతా ఇక్కడే. ఉప్పు తక్కువ తినేవాళ్లకి ఎక్కువ, ఎక్కువ తినేవాళ్లకి తక్కువ చూపించే ధోరణి వీటిది.

పెద్ద జనాభా సగటు సుమారుగా తెలిస్తే చాలనుకుంటే స్పాట్‌తో సర్దుకోవచ్చు. ఒక మనిషి సంగతి తేల్చాలంటే నా ఓటు క్యాన్‌కే. అదీ ఒక్కరోజుది కాదు, వేర్వేరు రోజులవి కావాలి. పెళ్లిభోజనం తిన్న రోజు పట్టి ఇస్తే నెల అలవాటు తెలియదు కదా!