పోస్ట్‌గ్రెస్ పార్టిషనింగ్ రివ్యూ: టేబుల్ ముక్కలు చేశాక క్వెరీలు ఎందుకు నెమ్మదించాయి

పెద్ద టేబుల్‌ని పార్టిషన్ చేస్తే (చిన్న ముక్కలుగా విడగొడితే) చాలు, క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వాటంతటవే పరుగెడతాయని మా రంగంలో చాలామంది నమ్ముతారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యాన్ని రోజూ వాడే మనిషిగా చెబుతున్నాను: సౌకర్యం చాలా మంచిది, ఆ నమ్మకం మాత్రం తప్పు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పార్సిల్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థకి డేటాబేస్ చూసుకుంటాను. సరుకు ఏ గోడౌన్‌లో దిగినా, ఏ లారీ ఎక్కినా ఒక స్కాన్ పడుతుంది. ఐదేళ్ల స్కాన్లున్న టేబుల్‌ని స్కాన్ తేదీని బట్టి నెలకొకటి చొప్పున 60 పార్టిషన్లు చేశాం. ఆ వెంటనే బుకింగ్ కౌంటర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి: "మేడమ్, ఎల్ఆర్ కొడితే తిరుగుతూనే ఉంది." ఎల్ఆర్ అంటే సరుకు బుక్ చేసినప్పుడు ఇచ్చే లారీ రసీదు.

క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి చూస్తే విషయం కళ్లకు కట్టినట్టు కనిపించింది. పైన అపెండ్ (ముక్కల ఫలితాలను కలిపే దశ), దాని కింద ఒక్కో నెలకీ ఒక్కో ఇండెక్స్ స్కాన్ (సూచిక ద్వారా వెతకడం). వాటిలో దాదాపు ఏదీ ఒక్క వరుస కూడా తేలేదు. కౌంటర్లో అడిగేది ఎల్ఆర్ నంబరు, పార్టిషన్ కీ (ముక్కలు చేయడానికి వాడిన కాలమ్) ఏమో స్కాన్ తేదీ. తేదీ చెప్పకపోతే ఏ నెల వదిలేయాలో క్వెరీ నడిచే దారి ఎంచే ప్లానర్‌కి ఎలా తెలుస్తుంది? ఒకే రిజిస్టర్‌లో ఒకసారి వెతికే పని అరవై రిజిస్టర్లలో అరవైసార్లు వెతకడం అయింది. అడుగున ప్లానింగ్ టైమ్, ఎగ్జిక్యూషన్ టైమ్ కంటే ఎక్కువుంది. ఆ లైను చాలామంది చూడరు, తప్పకుండా చూడండి.

ఉదయం రద్దీ వేళ ఇంకో టెన్షన్. క్వెరీ నడిచేటప్పుడు పార్టిషన్లకీ, వాటి ఇండెక్సులకీ విడివిడిగా లాకులు (మధ్యలో ఎవరూ వాటిని మార్చకుండా వేసే తాళాలు) పడతాయి. 18కి ముందు వెర్షన్లలో ఒక్కో కనెక్షన్‌కి ఫాస్ట్‌పాత్ లాకులు (ఉమ్మడి టేబుల్ జోలికి పోకుండా త్వరగా పడేవి) 16 మాత్రమే. అవి దాటితే అందరూ ఉమ్మడి లాక్ టేబుల్ దగ్గర క్యూ కట్టాలి. నడుస్తున్న కనెక్షన్లను చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెయిట్ ఈవెంట్ (దేని కోసం ఆగిందో చెప్పే కాలమ్) దగ్గర 'లాక్‌మేనేజర్' అని వరసగా కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించండి. సీపీయూ, ర్యామ్ పెంచితే ఇది పోదు.

మాకు దారి దొరికింది ఎల్ఆర్ నంబరులోనే. అందులో బుకింగ్ చేసిన ఏడాది, నెల ఉంటాయి. అప్లికేషన్ వాటిని చదివి, ఆ నెల మొదటి తేదీ నుంచి మూడు నెలల పరిధిని క్వెరీలోని వేర్ కండిషన్‌లో (వెతికే షరతులో) కలుపుతుంది. 60 పార్టిషన్ల బదులు మూడే తెరుచుకుంటున్నాయి, కౌంటర్ ఫోన్లు ఆగిపోయాయి.

నెలాఖరు రిపోర్టుది వేరే కథ. అందులో తేదీ ఉంది, అయినా అన్ని పార్టిషన్లూ చదివేది. స్కాన్ తేదీని డేట్_ట్రంక్ ఫంక్షన్‌లో (తేదీని నెల మొదటికి కుదించేది) చుట్టి నెలతో పోల్చారు. కీ కాలమ్‌కి అలా ఫంక్షన్ తొడిగితే ప్రూనింగ్ (అక్కర్లేని పార్టిషన్లను వదిలేయడం) జరగదు. 'ఒకటో తేదీ నుంచి, వచ్చే నెల ఒకటో తేదీకి ముందు వరకు' అని నేరుగా రాస్తే చాలు. ఇప్పటి సమయం ఇచ్చే నౌ() లాంటి వాటితో పోల్చినప్పుడు ప్రూనింగ్ క్వెరీ నడిచేటప్పుడు జరుగుతుంది. ప్లాన్‌లో 'సబ్‌ప్లాన్స్ రిమూవ్డ్' అని కనిపిస్తే అది పనిచేసినట్టే. ఇది 11వ వెర్షన్ నుంచి ఉంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే లోపాలు రెండు. ఆటోవాక్యూమ్ (తనంతట తానే నడిచే నిర్వహణ పని) ఒక్కో పార్టిషన్‌ని అనలైజ్ చేస్తుంది (గణాంకాలు సేకరిస్తుంది) కానీ పేరెంట్ టేబుల్‌ని (ముక్కలన్నిటికీ పైనున్న అసలు టేబుల్‌ని) ముట్టుకోదు. పేరెంట్ గణాంకాలు పాతబడితే జాయిన్లలో ప్లానర్ అంచనాలు తప్పుతాయి. మేం రాత్రిపూట క్రాన్‌లో (చెప్పిన వేళకి పనులు నడిపే సాధనం) అనలైజ్ పెట్టుకున్నాం. రెండోది, యూనిక్ కన్‌స్ట్రెయింట్‌లో (విలువ మళ్లీ రాకూడదనే నియమంలో) పార్టిషన్ కీ తప్పనిసరిగా ఉండాలి. అంటే స్కాన్ ఐడీ ఒక్కటీ టేబుల్ మొత్తంలో మళ్లీ రాదని డేటాబేస్ మీకు హామీ ఇవ్వదు. డబ్బు లెక్కలున్న టేబుల్ అయితే నేను ఈ ఒక్క కారణంతోనే వెనకాడతాను.

మరి ఇన్ని తిప్పలు పడి ఎందుకు ఉంచుకున్నామంటే, పాత డేటా కోసం. ఇదివరకు పాత నెల తీయాలంటే డిలీట్ గంటల తరబడి నడిచేది, ఆ తర్వాత చెత్త శుభ్రం చేసే వాక్యూమ్ వంతు. ఇప్పుడు ఆ నెల పార్టిషన్‌ని డిటాచ్ చేసి (టేబుల్ నుంచి విడదీసి), బ్యాకప్ తీసుకుని డ్రాప్ చేయడమే. 14వ వెర్షన్ నుంచి డిటాచ్‌కి కన్‌కరెంట్లీ కూడా ఉంది, కౌంటర్లు నడుస్తుండగానే చేసుకోవచ్చు. డిఫాల్ట్ పార్టిషన్ (ఏ నెల ముక్కలోనూ పట్టని వరుసలు పడేది) ఉంటే మాత్రం అది కుదరదు, అందుకే మేం పెట్టలేదు. రాబోయే నెలల పార్టిషన్లు ముందే సిద్ధంగా ఉంచుకుంటాం. ఈ ఒక్క పనికే దీనికి ఐదుకి నాలుగు ఇస్తాను.

టేబుల్ సైజు సర్వర్ మెమరీని దాటినప్పుడే పార్టిషన్ గురించి ఆలోచించమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. అది మంచి మాట. దానికి ముందు క్వెరీల లెక్కలు చూపే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ తెరిచి, ఎక్కువసార్లు నడిచే క్వెరీల్లో మీరు అనుకుంటున్న కీ కాలమ్ ఉందో లేదో చూడండి. సగం వాటిలో లేకపోతే ఆ కీ వద్దు. మా దగ్గర లారీ నంబరుతో వెతికే స్క్రీన్ ఇంకా మిగిలింది. లారీ నంబరులో తేదీ ఉండదు కదా, అందుకే ఆ స్క్రీన్‌లో తేదీ పెట్టె నింపడం తప్పనిసరి చేశాం. గోడౌన్ సూపర్‌వైజర్లకి అది అదనపు పనే. వాళ్ల కోసం లారీ ట్రిప్పులకి వేరే చిన్న టేబుల్ తయారవుతోంది.