మ్యూనిక్: కాపురం చేశాక చెప్పే మాట

మొదట్లో చాలాకాలం మ్యూనిక్ నాకు నచ్చలేదు. రెండు రోజుల టూరుకి వచ్చి, మరియన్‌ప్లాట్జ్‌లో పొద్దున 11 గంటలకి తిరిగే బొమ్మల గడియారం చూసి వెళ్ళినవాళ్ళు "ఎంత బాగుందో" అంటారు. బాగానే ఉంటుంది. కానీ ఇక్కడ ఇల్లు వెతుక్కుని, పిల్లని కని, స్కూల్లో వేసి, ఇప్పుడు సామాను సర్దుకుని హైదరాబాద్ వెళ్తున్నదాన్ని నేను. నా లెక్క వేరు.

ముందు ఇల్లు. జర్మనీ పెద్ద నగరాల్లో అద్దెలు అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే. డబ్బు కట్టగలిగినా ఇల్లు దొరకదు. ఒక్క ఫ్లాట్ చూడటానికి జనం మెట్ల మీద వరస కడతారు. చేతిలో జీతం కాగితాలు, పాత బాకీల సంగతి చెప్పే షూఫా కాగితం, అన్నీ కలిపి ఒక ఫైలు. ఒక ఇంటాయన మా ఫైలంతా తిరగేసి, "మీ వంట వాసన వస్తుందా?" అని అడిగాడు. వస్తుందన్నాం. ఆ ఇల్లు మాకు రాలేదు. చివరికి జెండ్లింగ్ అనే పేటలో ఒకటి దొరికింది, కానీ వంటగదిలో పైపులు తప్ప ఏమీ లేవు, సింకు కూడా. ఇక్కడ చాలా ఇళ్ళు అలాగే అద్దెకిస్తారు. వంటగది మనమే కొనుక్కోవాలి, వెళ్ళేటప్పుడు మనమే అమ్ముకోవాలి.

తర్వాత ఆదివారం. కొట్లన్నీ బంద్. మిగతా రోజుల్లో కూడా రాత్రి 8కి మూసేస్తారు. శనివారం ఎనిమిది దాటాక పెరుగు తోడేసుకోలేదని గుర్తొస్తే ఇక అంతే, మర్నాడు రైల్వేస్టేషన్‌లో తెరిచి ఉండే కొట్టుకి పరుగెత్తాలి. ఆదివారం చప్పుడు చెయ్యకూడదు కాబట్టి గోడకి మేకు కొట్టకూడదు, ఖాళీ గాజు సీసాలు తీసుకెళ్ళి వీధి డబ్బాలో కూడా వెయ్యకూడదు. దోసెల పిండి రుబ్బాలన్నా నాకు చెయ్యి ఆడేది కాదు. అలా చేసే పని లేకే ఆదివారాలు ఈజార్ నదికి వెళ్ళడం మొదలుపెట్టాం. ఈ ఊరి మీద ఇష్టం పుట్టింది అక్కడే.

ఒకప్పుడు ఈ నదిని కాలవలా రెండు గట్ల మధ్య బిగించేశారట. 2000 నుంచి 2011 దాకా, ఊళ్ళో దాదాపు 8 కిలోమీటర్ల పొడవునా ఆ గట్లు తీసేసి, గులకరాళ్ళ ఒడ్లు మళ్ళీ రానిచ్చారు. ఆల్ప్స్ నుంచి వచ్చే నీళ్ళు కదా, జూలైలో దిగినా కాళ్ళు జివ్వుమంటాయి. ఫ్లౌహర్ అనే చోట ఒడ్డున దుప్పటి పరిచి కూర్చుంటే మా పాప రాళ్ళు పేర్చి ఆనకట్టలు కట్టుకునేది. టికెట్టు లేదు, గేటు లేదు, కావలివాడు లేడు. నగరం నడిమధ్య ఇలాంటి నది ఉండటం ఎంత పెద్ద విషయమో హైదరాబాద్ వెళ్ళడం ఖాయమయ్యాక నాకు ఇంకా బాగా తెలుస్తోంది.

ఇక బీర్‌గార్టెన్, అంటే ఆరుబయట బల్లలు వేసి బీరు అమ్మే చోటు. మా ఇంట్లో ఎవరూ తాగరు కాబట్టి అది మన చోటు కాదనుకున్నాం. మావారి ఆఫీసులో ఒకాయన చెబితే తెలిసింది, తాగేది అక్కడ కొనాలిగానీ తినేది ఇంటి నుంచి తెచ్చుకోవచ్చని. 1812లో బవేరియా రాజు ఇచ్చిన ఉత్తర్వు అట. బీరు తయారుచేసేవాళ్ళు తమ నేలమాళిగల దగ్గరే బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప తిండి మాత్రం అమ్మకూడదన్నాడు. దాంతో జనం తిండి మూటకట్టుకుని రావడం అలవాటైంది, ఆ హక్కు ఇప్పటికీ ఉంది. గుడ్డ పరిచిన బల్లల దగ్గర మాత్రం కుదరదు, గుడ్డ లేని బల్ల చూసుకుని కూర్చోవాలి. ఇంగ్లిషర్ గార్టెన్ అనే పెద్ద పార్కులో చైనా గోపురం కింద దాదాపు 7000 మంది పడతారు. అక్కడ మేము పులిహోర, పెరుగన్నం, మాగాయ విప్పుకుని, సోడా కలిపిన ఆపిల్ రసం కొనుక్కుని తిన్నాం. పక్క బల్లవాళ్ళు ముల్లంగి చక్రాలు కోసుకుని ఉప్పు చల్లుకుంటున్నారు. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. వంట వాసన గురించి అడిగిన ఊరు ఇదేనా అనిపించింది!

మా అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడకి నచ్చింది వెస్ట్‌పార్క్. 1983 ఉద్యాన ప్రదర్శన కోసం చేసిన పార్కు అది. చెరువులో థాయ్ మండపం, అందులో బుద్ధుడు. రోజూ చెప్పులు విడిచి దండం పెట్టుకునేది.

చలికాలం గురించి ఎక్కువ చెప్పను, నవంబరు బూడిద రంగే. మధ్యమధ్య ఆల్ప్స్ దాటి ఫ్యోన్ అనే వెచ్చటి గాలి వీస్తుంది. ఆ రోజు కొండలు ఊరి చివరే ఉన్నట్టు కనిపిస్తాయి, సగం ఊరు తలనొప్పి అంటుంది. లోకల్ రైళ్ళు దాదాపు అన్నీ ఊరి మధ్య ఒకే సొరంగంలోంచి పోతాయి, అందులో ఒక బండి ఆగితే అన్నీ ఆగుతాయి. రెండో సొరంగం పనులు 2017లో మొదలయ్యాయి, ఇంకా సాగుతూనే ఉన్నాయి. అందుకే ఇల్లు చూసుకునేవాళ్ళు ఆ సొరంగంతో పనిలేని ఊ-బాన్ (మెట్రో) స్టేషన్‌కి దగ్గరగా చూసుకోండి.

పిల్లలకి మాత్రం ఈ ఊరు బంగారం, పదేళ్ళు వచ్చేదాకా. ఒకటో క్లాసు మొదటి రోజు పిల్లంత ఎత్తు కాగితపు పొట్లంలో మిఠాయిలు, పెన్సిళ్ళు పెట్టి పంపుతారు. కొద్దిరోజులకే స్కూలుకి ఒంటరిగా నడిచి వెళ్తారు. మా పాప అలా వెళ్తుంటే నేను కిటికీ వదిలేదాన్ని కాదు. నాలుగో క్లాసులో అసలు టెన్షన్. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటేనే యూనివర్సిటీ చదువుకి దారితీసే గిమ్నాజియం స్కూలుకి నేరుగా సిఫారసు వస్తుంది. ఇక్కడ 1 అంటే ఫస్టు. పదేళ్ళకే ఎంసెట్ రాయించినట్టు. ఆ తర్వాత దారి మార్చుకోవచ్చు అంటారు గానీ, మార్చుకున్నవాళ్ళని అడిగితే ఎంత కష్టమో చెబుతారు.

మేము వెళ్ళేది దానికోసమే కాదు. అత్తయ్య, మావయ్య అక్కడ ఇద్దరే ఉన్నారు. మేము తెలుగులో అడిగితే పాప జర్మన్‌లో జవాబు చెబుతోంది. ఇంకో రెండేళ్ళు ఆగితే దాన్ని కదపడం మావల్ల కాదు. ఇప్పటికే, "అక్కడ స్కూలుకి నేనొక్కదాన్నే నడిచి వెళ్ళచ్చా?" అని అడిగింది. మావారు నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను.

చిన్నపిల్లలున్నవాళ్ళకి రమ్మనే చెబుతాను. ఒంటరిగా వచ్చే కుర్రాళ్ళకి ఇంత అద్దె పోసి ఇక్కడే ఉండమని చెప్పలేను.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇల్లు ఖాళీ చేస్తామని మూడు నెలల ముందే సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి, ఈ-మెయిల్ చెల్లదు. వంటగది అమ్మకం ముందే మాట్లాడుకోండి, చివరి వారంలో ఎవరూ ధర పెట్టరు. నగర రికార్డుల్లోంచి పేరు తీయించుకుని ఆ కాగితం దాచుకోండి, ఇన్సూరెన్సు, ఫోను రద్దుకి అడుగుతారు. డిపాజిట్ తాళాలిచ్చిన రోజే చేతికి రాదు. హీటింగ్, నీళ్ళ లెక్క తేలేదాకా ఇంటివాళ్ళు కొంత ఆపుకోవచ్చు. కాబట్టి ఇక్కడి బ్యాంకు ఖాతా వెంటనే మూసెయ్యకండి. మాదీ ఉంచుతున్నాం.