డమ్మీ లోడులో లైట్ లిక్విడ్ పారాఫిన్: ఆరు నెలల వాడకం తర్వాత

ట్రాన్స్‌మిటర్‌ను ఏరియల్‌కు తగిలించకుండా పరీక్షించుకోవడానికి, దాని పవర్‌ను వేడిగా మార్చి మింగేసే ఒక డమ్మీ లోడు కట్టుకున్నాను. 1 కిలో ఓము, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు 20 తీసుకుని, రెండు రాగి రేకుల మధ్య సమాంతరంగా సోల్డరింగ్ చేశాను. మొత్తం 50 ఓములు. గాలిలో 40 వాట్లకు మించి మోయలేదు, నాకేమో 100 కావాలి. నూనెలో ముంచక తప్పదు.

మొదట వంటనూనె పోశాను. వేడిని బాగానే లాగింది. మూడు నెలల తర్వాత మూత తీస్తే ఒకటే కంపు. రెసిస్టర్ల మీద పట్టిన జిగురు పొర గోరుతో గీకితే చారలుగా లేచింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉచితంగా ఇస్తామన్నా దయచేసి తీసుకోకండి. ఒకప్పటి వాటిలో పీసీబీలనే విషపదార్థాలు ఉండేవి, కంటితో చూసి కనిపెట్టలేం. కొత్తది మంచిదే. కానీ వేల వోల్టులను తట్టుకునే దాని గుణంతో మనకు పని లేదు: 50 ఓముల మీద 100 వాట్లంటే గరిష్ఠ వోల్టేజీ 100 మాత్రమే. మనకు కావలసింది పలుచదనం.

అందుకే మందుల దుకాణాల్లో దొరికే లైట్ లిక్విడ్ పారాఫిన్ అనే పలుచని ఖనిజ నూనె ఎంచుకున్నాను. ముందు గాజు సీసాలో పెట్టి చూశాను. పవర్ ఇచ్చిన కాసేపటికే రెసిస్టర్ల నుంచి సన్నని దారాల్లాంటి అలలు పైకి లేచాయి. వేడెక్కిన నూనె పైకి, చల్లనిది కిందికి, తనంతట తానే తిరుగుతోంది. తర్వాత రేకు డబ్బాలోకి మార్చి, లీటరు నూనెతో 100 వాట్లు పది నిమిషాలు ఇస్తే 30 డిగ్రీల నుంచి 62కు చేరింది. ఎంతైనా మండే పదార్థమే కాబట్టి 80 దాటనివ్వను.

దీని లోపం ఒక్కటే, పాకుతుంది. పోగుల వైరు వాడితే ఆ పోగుల సందుల్లోంచి ఎక్కి కనెక్టర్ దగ్గర కారింది. ఒంటి రాగి తీగ వేశాక ఆగింది. పీవీసీ తొడుగు కూడా నూనెలో నాని గట్టిపడి పెళుసైంది, టెఫ్లాన్ వాడండి. వేడికి నూనె ఉబ్బుతుంది కనుక పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, మూతకు సూదిబెజ్జం పెట్టండి.

ఆరు నెలలైనా నూనె నీళ్లంత తేటగా ఉంది, రెసిస్టర్ల మీది రంగు పట్టీలు పైనుంచే చదవగలుగుతున్నాను. ఈ ఉదయం కొలిస్తే 50.2 ఓములు.