సంతకానికి ఏడు వారాలు, డ్రైవర్‌కి అరగంట

విండోస్‌కి డ్రైవర్లు, అంటే కంప్యూటర్‌కి తగిలించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రాములు, రాసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే విండోస్ డ్రైవర్ కిట్ గురించి కొన్నేళ్ళ కిందట ఒకసారి రాశాను, బాగా పొగుడుతూ. కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ నుంచి తప్పులు వెతికే డీబగ్గర్ దాకా అన్నీ ఉచితంగా ఇస్తున్నారు, ఇక విండోస్ నడిబొడ్డయిన కెర్నెల్ ఎవరి సొత్తూ కాదు అన్నంత హుషారుగా ఉంటుంది ఆ రాత. ఇప్పుడు మళ్ళీ చదివితే అందులో అబద్ధమేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం లేదు, అప్పటికి అది నాకే తెలీదు కాబట్టి. పనిముట్లు ఇచ్చినంత తేలిగ్గా, వాటితో చేసినదాన్ని నడవనివ్వరు.

నాది చిన్న వ్యవహారం. యంత్రాల కంపనాలు కొలిచే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు (కంప్యూటర్ లోపలి స్లాట్‌లో గుచ్చేది) ఉంది. బోర్డు నా మిత్రుడు గీస్తాడు, డ్రైవర్ నేను రాస్తాను. ఇద్దరమే. కిట్ ఎలా దించుకోవాలి, ఏ వెర్షన్ దేనికి సరిపడుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

నేను మొదలుపెట్టింది 2010లో, 7.1 వెర్షన్‌తో. అంతకుముందు తరం వాళ్ళు ప్రోగ్రామర్లకి మైక్రోసాఫ్ట్ అమ్మే ఎంఎస్‌డీఎన్ చందా కట్టి, దాంతో వచ్చే డిస్కుల్లో డీడీకే (ఈ కిట్ పాత పేరు) కోసం వెతుక్కునేవారట. నాకు ఒక్క ఐఎస్ఓ ఫైలు, లోపలే కంపైలర్. నల్ల విండో తెరిచి బిల్డ్ అని కొడితే డ్రైవర్ తయారు. 2012లో వచ్చిన 8వ వెర్షన్ ఆ బిల్డ్‌ని పీకేసి అంతా మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియోకి ముడిపెట్టింది. అదీ ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ చాలదు, డబ్బు పెట్టి కొన్న ప్రొఫెషనల్ ఉండాలి. నేను మారకుండా 7.1నే పట్టుకుని కూర్చున్నాను. 2014 నవంబర్‌లో విజువల్ స్టూడియో ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ వచ్చింది. మరుసటి ఏడాది కేఎండీఎఫ్ (కెర్నెల్ డ్రైవర్లకి పునాదిగా మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫ్రేమ్‌వర్క్) సోర్స్ కోడ్‌ని కూడా గిట్‌హబ్‌లో పెట్టేశారు. నా పొగడ్తల రాత ఆ ఊపులోదే. పనిముట్టుకి తాళం తీసేశారు, ఇంకేం కావాలి అనుకున్నాను.

2017 మొదట్లో ఒక కస్టమర్ నుంచి ఫోన్. కార్డు పెట్టాం, పనిచేయట్లేదు, డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం కనిపిస్తోంది అన్నారు. కోడ్ 52. డ్రైవర్ ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించలేకపోతోందని దాని అర్థం. నేను నమ్మలేదు. అదే డ్రైవర్ ఫైలు నా దగ్గర మూడు మెషీన్లలో, వాళ్ళ దగ్గరే ఇంకో రెండింటిలో శుభ్రంగా నడుస్తోంది. ఫైలు దించుకునేటప్పుడు చెడిందేమోనని మళ్ళీ పంపాను. ఫైలు మారిందో లేదో తేల్చే హ్యాష్ సరిచూడమన్నాను, సరిపోయింది. స్లాట్ మార్పించాను. కార్డు మార్పించాను. ఆఖరికి, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, కంప్యూటర్ గడియారం తప్పుందేమో చూడమని కూడా అడిగాను. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి.

ఐదో రోజు తట్టింది. పనిచేస్తున్న మెషీన్లన్నీ విండోస్ 7 నుంచో 8.1 నుంచో అప్‌గ్రేడ్ అయినవి. పనిచేయనిది కొత్తగా కొన్నది, విండోస్ 10 అందులో నేరుగా ఇన్‌స్టాల్ అయి వచ్చింది. అప్పుడు కూర్చుని నియమం పూర్తిగా చదివాను. 2016లో వచ్చిన 1607 వెర్షన్ నుంచి, కొత్త కెర్నెల్ డ్రైవర్ మీద మైక్రోసాఫ్ట్ పోర్టల్ వేసిన సంతకమే ఉండాలి. పాత విండోస్ నుంచి అప్‌గ్రేడ్ అయిన మెషీన్‌కి మినహాయింపు. సెక్యూర్ బూట్ (మెషీన్ మొదలయ్యేటప్పుడు సరైన సంతకం లేనిదాన్ని అడ్డుకునే ఏర్పాటు) ఆపి ఉన్నదానికి మినహాయింపు. 2015 జులై 29కి ముందు ఇచ్చిన సర్టిఫికెట్‌తో, అంటే సంతకం పెట్టేవాడి డిజిటల్ గుర్తింపు పత్రంతో, సంతకం పెట్టి ఉంటే దానికీ మినహాయింపు. నా సర్టిఫికెట్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో తీసుకున్నది. రెండు నెలల ముందు రెన్యూ చేసుకుని ఉంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

నియమం రహస్యమేం కాదు, ముందే ప్రకటించారు. చదవనిది నేను. కానీ ఒకే ఫైలు పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో, మెషీన్ పుట్టుపూర్వోత్తరాలను బట్టి ఒకదాంట్లో చెల్లి ఇంకోదాంట్లో చెల్లకపోతే, బగ్ వెతికేవాడు ఎక్కడని వెతుకుతాడు?

సెక్యూర్ బూట్ ఆపమని అడిగితే కస్టమర్ ససేమిరా అన్నాడు. తప్పు పట్టలేను. ఇక మిగిలింది పోర్టల్. పోర్టల్‌లో చేరాలంటే ఈవీ సర్టిఫికెట్ (గుర్తింపుని మరింత గట్టిగా పరిశీలించి ఇచ్చే రకం) ఉండాలి. అది మనిషికి ఇవ్వరు, సంస్థకే ఇస్తారు. ఏడేళ్ళుగా డ్రైవర్లు రాస్తున్నాను, ఆ ఏడేళ్ళూ ఆ కాగితాల లెక్కలో నేను లేను. ఇద్దరం కలిసి ఒక సంస్థ రిజిస్టర్ చేశాం. అది అయ్యాక సర్టిఫికెట్ కంపెనీకి దరఖాస్తు పెట్టాం. పేరు చెప్పను, మిగతా కంపెనీలు ఇంతకంటే మెరుగనే నమ్మకం నాకేం లేదు. సంస్థ ఉందని రుజువు, చిరునామాకి రుజువు, మేం ఇచ్చిన ఫోన్ నంబరు మా మాట మీదే కాకుండా ఏదో ఒక బయటి డైరెక్టరీలో కూడా కనిపించాలి. కనిపించేలా చేసుకున్నాం. వాళ్ళు ఫోన్ చేసిన రోజు నా మిత్రుడు బయట ఉన్నాడు, ఎవరూ ఎత్తలేదు. దరఖాస్తు మళ్ళీ వరుసలో చివరికి పోయింది. మొత్తం ఏడు వారాలు.

ఆ తర్వాత సర్టిఫికెట్ ఉన్న టోకెన్ వచ్చింది. చూడ్డానికి మామూలు యూఎస్‌బీ పుల్ల. సంతకం పెట్టే రహస్య కీ అందులోంచి బయటికి రాదు, సంతకం పెట్టినప్పుడల్లా పిన్ కొట్టాలి. దాన్ని బిల్డ్ మెషీన్‌కి గుచ్చి, నా బల్ల దగ్గర్నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వెళ్ళి చూస్తే అక్కడ టోకెన్ లేదు. లేచి వెళ్ళి చూస్తే గుచ్చే ఉంది, దీపం కూడా వెలుగుతోంది. మళ్ళీ నా బల్ల దగ్గరికి వస్తే లేదు. టోకెన్ విండోస్ లెక్కలో స్మార్ట్ కార్డేనని, రిమోట్ సెషన్‌కి ఇవతలి మెషీన్ స్మార్ట్ కార్డులే కనిపిస్తాయి గానీ అవతల గుచ్చినవి కనిపించవని తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది. అప్పట్నుంచి రిలీజ్ అంటే లేచి వెళ్ళి, ఆ మెషీన్ ముందు నిలబడి పిన్ కొట్టడమే.

డ్రైవర్, దాన్ని ఇన్‌స్టాల్ చేసే వివరాలున్న ఐఎన్ఎఫ్ ఫైలు, డీబగ్గర్‌కి పేర్లు చెప్పే సింబల్స్ కలిపి క్యాబ్ అనే మూట ఫైలుగా కట్టి, టోకెన్‌తో సంతకం పెట్టి ఎక్కించాను. సోర్స్ కోడ్ అడగరు. పరీక్షల ఫలితాలూ అడగరు, నేను ఎంచుకున్న అటెస్టేషన్ దారిలో అక్కర్లేదు. అరగంటలో సంతకంతో తిరిగొచ్చింది. నేనెవరో తేల్చుకోవడానికి ఏడు వారాలు, నేను రాసింది ఏం చేస్తుందో చూడ్డానికి అరగంట.

ఆ డ్రైవర్‌లో బగ్ ఉంది. ఆ వారంలోనే కస్టమర్ మెషీన్ స్లీప్‌లోకి పోబోయి బ్లూ స్క్రీన్ ఇచ్చింది, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని. సంతకం పక్కాగా ఉంది. కొత్త మెషీన్‌లో స్లీప్ ఆన్‌లో ఉండటం, పాతవాటిలో ఎప్పుడూ ఆపేసి ఉండటం వల్ల ఇన్నాళ్ళూ బయటపడలేదంతే.

నా పాత పొగడ్తలో ఇప్పటికీ చెక్కుచెదరనిది డీబగ్గర్ గురించి రాసినది. కస్టమర్ పంపిన కెర్నెల్ డంప్‌ని, అంటే మెషీన్ పడిపోయినప్పటి మెమరీ నకలుని, విన్‌డీబగ్ అనే ఆ డీబగ్గర్‌లో తెరిచాను. విండోస్ సొంత ఫంక్షన్ల పేర్లు మైక్రోసాఫ్ట్ సింబల్ సర్వర్ నుంచి వాటంతటవే దిగాయి. ఎనలైజ్ అనే కమాండ్ కొడితే ఆగిపోయిన రిక్వెస్ట్ ఎవరి దగ్గరుందో చెప్పింది, నా డ్రైవర్ దగ్గరే. అసలు ఆనందం ఆ తర్వాతది. కేఎండీఎఫ్ తను చేసిన చివరి పనుల చిట్టాని ఎప్పుడూ మెమరీలో రాసుకుంటూ ఉంటుంది, నేనేమీ అడగకుండానే. డంప్‌లో ఆ చిట్టా అలాగే ఉంది. చివరి వరుసల్లో, కార్డు పవర్ తగ్గించమని ఫ్రేమ్‌వర్క్ నా ఫంక్షన్‌ని పిలిచింది, నా ఫంక్షన్ తిరిగి రాలేదు. డీఎంఏ (కార్డు నేరుగా మెమరీలోకి డేటా పంపే పద్ధతి) ఆగిందన్న సంకేతం కోసం ఎదురుచూస్తోంది. డీఎంఏ అసలు నడవనే లేదు, ఇక సంకేతం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్క షరతు చేర్చాను. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడకముందే అయిపోయింది. నేను కళ్ళతో చూడని కంప్యూటర్‌లో జరిగిన తప్పుని ఇంత స్పష్టంగా చూపించిన పనిముట్టు ఇంకోటి నా చేతికి రాలేదు. ఇంత మంచి డీబగ్గర్ ఇచ్చినవాళ్ళ మీదా కోపం అంటే, ఆ కోపం ఎంత ఇబ్బందిగా ఉంటుందో చూడండి.

సంతకం వద్దని నేను అనట్లేదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ అనే చిప్ కంపెనీల అసలు సర్టిఫికెట్లతో పెట్టిన సంతకాలే ఉన్నాయి, దొంగిలించిన కీలతో పెట్టినవి. కీని టోకెన్‌లో బంధించడం అందుకే, అది అర్థమవుతుంది. నా గొడవల్లా గేటు దగ్గర ఎవరున్నారనే. గేటు కాసేది, ఇల్లు అమ్మేది, అదే ఇంట్లో సొంత సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ దుకాణం నడిపేది ఒకరే. 2006లో విస్టా కెర్నెల్‌కి, బయటివాళ్ళు దాన్ని మార్చకుండా ప్యాచ్‌గార్డ్ కాపలా పెట్టినప్పుడు యాంటీవైరస్ కంపెనీలు సిమాంటెక్, మెకాఫీ లేవదీసిన గొడవ ఇదే. అంతకుముందు 1998లో అమెరికా ప్రభుత్వం వేసిన కేసు బ్రౌజర్ చుట్టూ తిరిగింది, 2004లో యూరోపియన్ కమిషన్ 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది మీడియా ప్లేయర్‌ని అంటగట్టడం, సర్వర్ ప్రోటోకాల్స్ దాచిపెట్టడం గురించి. కార్డు గీసుకుని బతికే ఇద్దరు మనుషులు ఈ కథలో ఎక్కడా పాత్రలు కారు.

అవతలి వాదన కూడా బలంగానే ఉందని 2024 జులై 19న తెలిసొచ్చింది. కెర్నెల్‌లో డ్రైవర్ నడిపే సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. బయటివాళ్ళని కెర్నెల్‌లోకి రానిస్తే ఇంతే అన్నారు చాలామంది. నాకు మాత్రం నా స్లీప్ బగ్ గుర్తొచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్‌కీ సంతకం ఉంది మరి.

లినక్స్ డ్రైవర్ కూడా ఉంది నా దగ్గర. మూడు రోజుల్లో రాశాను, ఎవరినీ అడగలేదు. సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో అక్కడా సంతకం కావాలి, కానీ కీ నేనే తయారు చేసుకుని, రీబూట్‌లో వచ్చే తెర మీద ఒప్పుకుంటే చాలు. యజమాని ఒప్పుకుంటే చెల్లుతుంది, నాకు సబబుగా అనిపించే పద్ధతి అది. అలాగని అది స్వర్గమని చెప్పలేను. ఆ ఏర్పాటుకి మొదటి మెట్టయిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద కూడా మైక్రోసాఫ్ట్ సంతకమే ఉంటుంది. పైగా కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారవని అక్కడెవరూ మాటివ్వరు. కొన్ని నెలలకోసారి ఏదో ఒకటి రూపు మారి నా కోడ్ కంపైల్ కాకుండా పోతుంది. 2010లో విండోస్ కోసం రాసిన కోడ్‌లో సగం ముట్టుకోకుండా నేటికీ నడుస్తోంది. ఇక ఆపిల్ సంగతి, 2019లో తెచ్చిన డ్రైవర్‌కిట్‌తో డ్రైవర్లని కెర్నెల్ బయటికి పంపింది గానీ, అక్కడా ఎంటైటిల్‌మెంట్ అనే అనుమతి కావాలని ముందుగా ఆపిల్‌నే అడగాలి. జబ్బు ఒక్కరిది కాదు.

మూడేళ్ళ కిందట మేం కార్డుకి తోడుగా ఒక యూఎస్‌బీ పరికరం చేశాం. ఈసారి నేను డ్రైవర్ రాయలేదు. నేను విన్‌యూఎస్‌బీ రకం పరికరాన్ని అని పరికరం లోపలి ఫర్మ్‌వేర్‌లో కొన్ని బైట్ల డిస్క్రిప్టర్, అంటే తన గురించి తాను చెప్పుకునే వివరం, పెడితే, విండోస్ తన దగ్గరున్న డ్రైవర్‌నే తగిలించుకుంటుంది. ఐఎన్ఎఫ్ లేదు, సంతకం లేదు. మొదటిసారి కొత్త మెషీన్‌కి గుచ్చినప్పుడు ఏ హెచ్చరికా లేకుండా పేరు పడేసరికి, తప్పు మెషీన్ చూస్తున్నానేమోనని వైరు పీకి మళ్ళీ గుచ్చాను. డ్రైవర్లు రాసేవాడిగా పదిహేనేళ్ళలో నాకు దొరికిన అతి పెద్ద సుఖం డ్రైవర్ రాయకపోవడంలో దొరికింది.

కాబట్టి కిట్ ఎలా ఉందంటే, మీకు రిజిస్టరైన సంస్థ, ఫోన్ ఎత్తే మనిషి, సంతకాల పనికి విడిగా ఒకరు ఉంటే ఇంతకంటే మంచిది దొరకదు, నా ఏడుపంతా మీకు చిన్న విషయమే. ఒంటరిగా రాసుకునేవాళ్ళయితే, వేగం మరీ అవసరం లేకపోతే, ముందు విన్‌యూఎస్‌బీతో గట్టెక్కుతుందేమో చూడండి. నేర్చుకోవడానికైతే నిరభ్యంతరంగా దించుకోండి. మీ సొంత పరీక్ష సంతకాన్ని ఒప్పుకునే టెస్ట్ సైనింగ్ ఆన్ చేసి, తెర కింద మూలన టెస్ట్ మోడ్ అన్న అక్షరాలు చూసుకుంటూ మీ మెషీన్ మీద ఎన్ని ప్రయోగాలైనా చేయొచ్చు. ఆ మెషీన్ దాటాక మొదలవుతుంది కథ. మా కార్డుకి డీఎంఏ తప్పదు, కాబట్టి నాకు కెర్నెల్ తప్పదు, కిట్ తప్పదు.

టోకెన్ గడువు మళ్ళీ దగ్గరపడింది, ఇది మూడో రెన్యువల్. డైరెక్టరీలో ఉన్న ఆ ఫోన్ కనెక్షన్ ఇంకా తీయించలేదు. ఏడాది పొడుగునా అది మోగదు. ఈ నెలంతా మాత్రం దాని పక్కనే కూర్చుని పనిచేయాలని మేమిద్దరం వంతులు వేసుకున్నాం.