రెండేళ్లు వాడాక: మదర్‌బోర్డు మీది నాలుగు బుల్లి లైట్ల గురించి

ఇది నా డెస్క్‌టాప్ కంప్యూటర్ ముచ్చట. స్పెసిఫికేషన్లు అన్నిచోట్లా దొరుకుతాయి, వాటి లోతుకి పోను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ఎనిమిదేసి జీబీల ర్యామ్ స్టిక్కులు రెండు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకున్నాను. రెండేళ్లు దాటింది. ఇందులో నాకు తెగ నచ్చినదాని గురించి షాపులో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు: బోర్డు అంచున వరసగా ఉండే నాలుగు లైట్లు. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు). స్విచ్ నొక్కగానే ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతుంది. ఏది ఆరకుండా నిలబడితే తంటా అక్కడే. పూర్వం తంటా ఎక్కడో తెలియడానికి బోర్డు చేసే బీప్‌లు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు చాలా క్యాబినెట్లతో ఆ చిన్న స్పీకరే రావట్లేదు.

మొదటి ఎండాకాలంలోనే వీటి విలువ తెలిసింది. కరెంటు పోయి వచ్చాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నో సిగ్నల్ అంటోంది. క్యాబినెట్ పక్క అద్దంలోంచి చూస్తే డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంది. స్టిక్కులు తీసి, టక్‌మనేదాకా మళ్లీ నొక్కితే మెషీన్ లేచి కూర్చుంది. గ్రాఫిక్స్ కార్డునో, కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బానో అనుమానించి అంతా షాపుకి మోసుకెళ్లే పని తప్పింది.

అయితే ఈ లైట్ల డ్యూటీ విండోస్ మొదలయ్యేవరకే. ఆ సంగతి వానాకాలంలో బ్లూ స్క్రీన్లు (విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి చూపించే నీలం తెరలు) పట్టుకున్నాక అర్థమైంది. ఓ రోజు మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, మర్నాడు ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఆ తర్వాత పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. విండోస్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కర్నెల్ పవర్ 41 అనే ఎంట్రీ. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చేసేవాళ్లున్నారు. నిజానికి అది చెప్పేదల్లా సిస్టం పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని, అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే పడుతుంది.

ఆ బ్లూ స్క్రీన్ మెసేజ్‌ల్లో రాసి ఉన్నదానికన్నా అవి రోజుకోరకంగా మారడమే నాకు పనికొచ్చింది. ఒకే డ్రైవర్ (ఒక్కో పార్టుని నడిపించే సాఫ్ట్‌వేర్) పాడైతే సాధారణంగా మళ్లీమళ్లీ ఆ ఫైలు పేరే కనిపిస్తుంది. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ దాచే మినీడంప్ ఫైళ్లని, వాటిని చదివే విన్‌డీబీజీలో తెరిస్తే నాకు ఓసారి గ్రాఫిక్స్ డ్రైవర్, ఓసారి నెట్‌వర్క్ డ్రైవర్, ఓసారి ఏకంగా విండోస్ గుండెకాయ లాంటి కర్నెలే దోషి. ఇంతమంది ఒక్కసారిగా దొంగలైపోరు కదా! అనుమానం ర్యామ్ మీదికి పోయి, పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ వేసుకుని రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి స్క్రీన్ నిండా ఎర్ర వరసలు. స్టిక్కుల్ని విడివిడిగా ఒకే స్లాట్‌లో పెట్టి చూస్తే ఒకటి శుభ్రంగా పాసైంది, ఎర్రర్లన్నీ రెండోదానివే. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగు) తీసేసి, 1.35 వోల్టుల నుంచి మామూలు 1.2కి, 3200 నుంచి 2400 వేగానికి దించితే అదీ పాసైంది. డబ్బా మీద వేసిన వేగానికి ఆగలేకపోతోందన్నమాట. ఇన్నాళ్లూ డీర్యామ్ లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలిగి ఆరిపోతూనే ఉంది!

సర్వీస్ సెంటర్లో మామూలు వేగంలో పెట్టి చూసి "బాగానే ఉంది కదా సార్" అన్నారు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి చూడమని, ఫోన్లో తీసిన ఎర్ర వరసల ఫొటో చూపించాకే తీసుకున్నారు. జతగా అమ్మిన కిట్ కాబట్టి బాగున్న స్టిక్కు కూడా ఇచ్చేయాల్సి వచ్చింది. కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు మెషీన్ మూలన పడింది. ఆ తర్వాత 3200లోనే నడుస్తోంది, బ్లూ స్క్రీన్ మళ్లీ రాలేదు.

ఇంకో చిన్న చిరాకు: మానిటర్ ఆఫ్‌లో ఉంటే నా బోర్డులో వీజీఏ లైటు ఊరికే వెలుగుతుంది. మొదట్లో కంగారుపెట్టింది, ఇప్పుడు పట్టించుకోవట్లేదు.

ఈ లైట్లున్న బోర్డు కొని సొంతంగా బిగించుకోవచ్చా అంటే, నా మటుకు నాకు పర్లేదు. క్యాబినెట్ టేబుల్ మీదే ఉంటుంది, అద్దం నావైపే. ఆఫీసు పనికి వేరే ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఆ వారాలు గడిచిపోయాయి. ఉన్న ఒక్క మెషీన్ మీదే పనంతా నడవాలంటే మాత్రం ఆన్‌సైట్ వారంటీతో వచ్చే రెడీమేడ్‌దే నయం. రేకు తలుపు క్యాబినెట్‌ని టేబుల్ కింద పెట్టుకునేవాళ్లకి ఈ లైట్ల కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ. నేను మళ్లీ కొంటే తంటా ఏంటో రెండంకెల కోడ్‌గా చూపించే బోర్డు చూస్తాను, అదీ ధర అందుబాటులో ఉంటేనే.