హై8 నుంచి మెమరీ కార్డు దాకా: పాతికేళ్ల వాడకం తర్వాత

నా మొదటి వీడియో కెమెరా హై8, అంటే చిన్న క్యాసెట్ మీద అనలాగ్‌గా రికార్డు చేసేది. వీహెచ్ఎస్ (పెద్ద వీడియో క్యాసెట్) బొమ్మ స్పష్టత సుమారు 240 లైన్ల దగ్గరే ఆగిపోతే దీనిది 400 దాకా వచ్చేది, టీవీలో ముఖాలు తేటగా కనిపించేవి. కానీ ఒక్క కాపీ తీశామంటే రంగులు అలుక్కుపోయేవి, కాపీకి కాపీ అయితే ఇక చూడలేం.

ఆ బాధ తీర్చింది మినీడీవీ. 1995లో వచ్చిన ఈ ఫార్మాట్‌నే నేను ఎక్కువకాలం వాడాను, ఇప్పటికీ దీని మీదే నాకు ఇష్టం. పావు అంగుళం టేపు మీద సెకనుకు 25 మెగాబిట్ల డిజిటల్ వీడియో. కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దించితే టేపులో ఉన్నది ఉన్నట్టే వచ్చేస్తుంది, గంటకు దాదాపు 13 జీబీ. విసుగల్లా గంట టేపు దించడానికి గంటా కూర్చోవాలి, ఒక చిన్న ముక్క కావాలన్నా రివైండ్ చేస్తూ వెతుక్కోవాలి.

మధ్యలో మినీ డీవీడీ కెమెరా కొన్నాను, దాన్ని మాత్రం ఎవరికీ చెప్పను. మంచి క్వాలిటీలో పెడితే డిస్కు 20 నిమిషాలకే నిండిపోయేది. ఫైనలైజ్ (డిస్కు వేరే ప్లేయర్లలో ఆడేలా ముగించడం) చేయకముందే కెమెరా చెడిపోవడంతో నా రెండు డిస్కులు ఏ ప్లేయర్లోనూ ఆడలేదు.

ఇప్పుడు వాడేది మెమరీ కార్డు మీద ఏవీసీహెచ్‌డీ (ఒక హెచ్‌డీ వీడియో ఫార్మాట్) రికార్డు చేసే కెమెరా. బొమ్మ మినీడీవీ 720x576 పిక్సెళ్ల నుంచి 1920x1080కి పెరిగినా గంటకు 11 జీబీ లోపే సరిపోతుంది, ఎందుకంటే మినీడీవీ ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తే ఇది ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మారినదాన్నే ఎక్కువగా దాస్తుంది (అందుకే నా పాత కంప్యూటర్లో ఎడిటింగ్ నత్తనడక నడిచింది). గంట వీడియో నిమిషాల్లో కాపీ అవుతుంది, కావాల్సిన క్లిప్ వేలితో తాకితే చాలు. వాడకంలో టేపు దీని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఒక్క విషయంలో తప్ప. టేపు దించాక క్యాసెట్ అలమారలో ఉండిపోయేది, అంటే అడగకుండానే ఒక బ్యాకప్. కార్డు అలా కాదు, ఖాళీ చేస్తేనే మళ్లీ షూట్ చేయగలం. కాపీ అయిందనుకుని ఒకసారి ఫార్మాట్ కొట్టాను, ఒక సాయంత్రం మొత్తం పోయింది. అప్పటి నుంచి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూశాకే కార్డు చెరుపుతున్నాను.

పాత టేపులున్నవాళ్లు టేపు కంటే ప్లేయర్ గురించి భయపడండి. వీహెచ్ఎస్ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. నా హై8 కెమెరా పాడయ్యాక ఏడు క్యాసెట్లు చూడ్డానికి దారి లేకుండా ఉన్నాయి. మినీడీవీ కెమెరా ఇంకా నడుస్తోంది కాబట్టి మిగిలిన పద్నాలుగు టేపులు రోజుకొకటి చొప్పున దించుతున్నాను.